నాలుగో బట్ట

ఫిబ్రవరి 19

వచ్చి నాలుగు రోజులైంది. అమ్మ ఇంకా అడగలేదు.

అక్కడి బియ్యం ఎలా ఉంటాయని అడిగింది. ఆడవాళ్ళు నిజంగానే చుట్టలు కాలుస్తారా అని అడిగింది. చిన్నాన్నకి పళ్ళున్నాయా ఊడాయా అని కూడా అడిగింది. మేం వెళ్ళే రోజు రైలు కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని నడుస్తూ చెప్పింది ఒక్కటే మాట — "పెళ్ళికి ఎవలైనా ఎల్తారు. నువ్వు మీ నాన్న సంగతి కనుక్కోడానికి ఎల్తన్నావు. మర్సిపోకు." అదొక్కటి మాత్రం అడగడం లేదు.

నేనూ చెప్పడం లేదు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరుగుతున్నాను.

ఫిబ్రవరి 20

అడగలేదు.

ఫిబ్రవరి 22

ఆయన తన పాత రైల్వే డైరీ ఇచ్చారు. అచ్చేసిన తారీకులు కొట్టేసి పైన రాసుకుంటున్నాను. నోటితో చెప్పలేనిది కాగితానికి చెప్పు, అన్నారు. గూడ్సు ఆఫీసు గుమాస్తాకి అన్ని రోగాలకీ కాగితమే మందు.

సరే. మొదట్నుంచీ.

యుద్ధానికి ముందు నాన్న రంగూన్‌లో కలప మిల్లులో మేస్త్రీ. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వచ్చేవాడు. ఆఖరిసారి వచ్చింది నా పెళ్ళికి. నాకు కమల పుట్టిందని ఉత్తరం వేస్తే చిట్టి గాజులు పంపాడు. తరవాత బాంబులు పడ్డాయి. అడవుల్లో పడి నడిచొచ్చినవాళ్ళు తలో మాటా చెప్పారు — దారిలో చూశామని ఒకరు, తమ్ముడితో కలిసి వెనక్కి పోయాడని ఒకరు, వేరే గుంపులో కలిశాడని ఒకరు. యుద్ధం ఆగాక చిన్నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తాను బతికే ఉన్నాడట. అన్నయ్య కోసం ఆరా తీస్తున్నాడట. ఇక ఏటా అదే ఉత్తరం. ఏటా అమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, మొహం కడుక్కుని, కుంకుమ దిద్దుకునేది.

పన్నెండేళ్ళు నిండాక పెద్దవాళ్ళు వచ్చి వరండాలో కూర్చున్నారు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయిస్తే ఒక దారి అవుతుందన్నారు. అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. తాగేదాకా ఆగి, "మనిసిని సూడకుండా గడ్డిని కాల్సమంటారేటి" అంది. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పదిహేనేళ్ళుగా ఆ ఒక్క కబురు కోసం కూర్చున్న మనిషి. ఇప్పుడు అడగడం లేదు.

ఫిబ్రవరి 23

అక్కడ ఎంత బాగుందో కూడా రాయాలి. రాయకపోతే అబద్ధమవుతుంది.

కలకత్తా నుంచి ఓడ. కక్కుతూనే ఉన్నాను, సముద్రం ఏ రంగో కూడా చూడలేదు. రంగూన్ నుంచి రైలు, రైలు దిగి పడవ, పడవ దిగి ఎడ్లబండి. చిన్నాన్న ఇల్లు కర్ర స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు — కింద గొడ్లు, పైన మనుషులు. చుట్టూ కోసేసిన వరిమళ్ళు... చూపు ఆగే చోటే లేదు. పొద్దున్నే వరండాలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే చిన్నమ్మ టీ తెచ్చి చేతిలో పెట్టేది.

నాకు ముప్పై నాలుగేళ్ళు. పద్నాలుగో ఏట పెళ్ళైంది. పొయ్యి ముందు కూర్చోకుండా ఒక్క పూట గడిచినట్టు గుర్తులేదు. అక్కడ పెళ్ళిదాకా పదకొండు రోజులు చిన్నమ్మ నన్ను గరిటె ముట్టనివ్వలేదు. ఇంటి ఆడపడుచువి, కూర్చో అంది. కూర్చోవడం ఎలాగో తెలియక మొదటి రెండు రోజులు ఇబ్బందిపడ్డాను. తరవాత బాగా వచ్చింది.

పెళ్ళికూతురికి, చిన్నాన్న కూతురు రాజేశ్వరికి, మనం పసుపు రాస్తే, పక్కింటి బర్మా పిల్లలు వచ్చి వాళ్ళ చెక్క గంధం అరగదీసి బుగ్గలకి రాసేవారు. అందరం కలిసి కాలవలో స్నానం. వాళ్ళలాగే నేనూ లుంగీ గుండెల దాకా కట్టాను. బురదలో కాలు జారి కూలబడితే రాజేశ్వరి చెయ్యి ఇవ్వబోయి తనూ పడింది. అంత నవ్వు ఎప్పుడు నవ్వానో.

వాళ్ళ చేపల ముద్ద వాసనకి మొదటి రోజు ముక్కు మూసుకున్నాను. ఆర్యపల్లి ఇసకలో చేపలు ఎండబోసిన చోట నిలబడ్డట్టే. నాలుగో రోజుకి అడిగి మరీ వడ్డించుకున్నాను. ఆయనైతే చుట్ట కూడా కాల్చారు, బరంపురంలో ఎవరికీ చెప్పొద్దన్నారు.

నాన్న సంగతి మొదటి రోజే అడిగాను. పెళ్ళి కానియ్యమ్మా, తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నాడు చిన్నాన్న. ఆ మాట పట్టుకుని పదకొండు రోజులు నవ్వుతూ తిరిగాను. ఎక్కడో ఉండే ఉంటాడు... వేరే సంసారం ఉందేమో, చెప్పడానికి చిన్నాన్న మొహమాటపడుతున్నాడేమో అని కూడా అనుకున్నాను. అనుకుని కోపం తెచ్చుకున్నాను. అలా అయినా బాగుండేది.

ఫిబ్రవరి 25

కుళాయి దగ్గర్నుంచి బిందెతో వచ్చేసరికి అమ్మ ట్రంకు పెట్టె విప్పి ఉంది. ఒళ్ళో ఆ పంచె. నాలుగు కొసలకీ పసుపు.

ఇదేటి, అంది. పెళ్ళిలో ఆయనకి పెట్టారన్నాను. అబద్ధం కాదు. ఆయన చేతికే ఇచ్చారు.

అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పాత మడతల మీదే మడిచి, అన్నిటికంటే అడుగున పెట్టి, మూత వేసింది. "మంచి నేతే" అంది. బియ్యం ఏరడానికి వెళ్ళిపోయింది.

బిందె దించడం మర్చిపోయి నిలబడ్డాను.

ఫిబ్రవరి 27

ఇవాళ గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం. అన్ని మాటలూ వచ్చాయి, ఆ మాట తప్ప.

మార్చి 1

రాసేస్తాను.

పెళ్ళికి ముందురోజు. పెద్దలకి బట్టలు పెట్టడం. మన ఇళ్ళలో చేసినట్టే — పీట కడిగి ముగ్గేసి, దీపం వెలిగించి, ఇంట్లో పోయినవాళ్ళకి తలకో కొత్త బట్ట. మగవాళ్ళకి పంచె, ఆడవాళ్ళకి చీర. సాంబ్రాణి పొగ. విస్తట్లో భోజనం. వాళ్ళకి పెట్టాకే పెళ్ళికూతురికి కొత్తచీర.

చిన్నమ్మ పొయ్యి దగ్గర గారెలు వేస్తోంది. బట్టల కొసలకి పసుపు రాయమని నాకు చెప్పింది. పని హడావిడిలో మర్చిపోయిందో, ఇలాగైనా తెలియనీ అనుకుందో... ఇప్పటికీ నాకు అర్థం కాదు.

తాతకి పంచె. నాయనమ్మకి చీర. చిన్నాన్న పెద్దకొడుకు ఏడేళ్ళకే జ్వరం వచ్చి పోయాడు, వాడికి చిన్న చొక్కా. మూడూ రాశాను. ఇంట్లో పోయినవాళ్ళు ముగ్గురే. కింద ఇంకో పంచె ఉంది. అలవాటున దానికీ రాశాను. నాలుగో కొస దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగింది.

చిన్నాన్నకి అన్నదమ్ములు ఇంకెవరున్నారు? నాన్న, చిన్నాన్న — ఇద్దరే కదా.

ఇదెవరికి చిన్నమ్మా, అన్నాను.

చిన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. గరిటె కింద పెట్టేసింది. నూనెలో గారె మాడిపోతోంది.

నాన్న పోయాడని నాకు అలా తెలిసింది. నా వేళ్ళకి పసుపు ఉండగా.

మార్చి 2

చిన్నమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి నెత్తి మీద చెంబుడు నీళ్ళు పోసింది. పదిహేనేళ్ళ చావుకి ఒక్క చెంబు. "ఏడవకమ్మా. పెళ్ళిల్లు. కన్నీళ్ళు పడకూడదు. ఎల్లుండి ఏడుద్దువు" అంది. తల తుడిచింది. జడ కూడా తనే వేసింది.

మర్నాడు అక్షింతలు వేశాను. ఫొటోలో నవ్వాను. బర్మా వాళ్ళు డప్పులు వాయిస్తుంటే తాళం కూడా వేశాను. రాజేశ్వరి పిచ్చిది, తన కొత్త ఆడపడుచుతో చెబుతోంది, మా అక్క ఊరికే నవ్వుతుందని.

పెళ్ళైన మూడో రోజు చిన్నాన్న నన్ను పొలం గట్టు మీదికి తీసుకెళ్ళాడు. చెప్పాడు. ఇద్దరూ కలిసే బయల్దేరారట నడిచి. అడవి దారిలో నాన్నకి వాంతులు, జ్వరం. రెండు రోజులు. "నా సేతుల్లోనే పోయాడమ్మా." తనే మట్టి చేశాడు. అన్నని అక్కడ వదిలి ముందుకి అడుగు వెయ్యలేక, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

మరి రాయలేదేం అన్నాను. రాశాడట. పోస్టు చేసేలోగా అమ్మ ఉత్తరం అందిందట — పసుపు కుంకుమలతో ఎదురుచూస్తున్నాను మరిదీ, ఎక్కడున్నా పంపించు, అని. ఆ ఉత్తరం రాసింది నేనే. అమ్మ చెబుతుంటే నేనే రాశాను. "నీ బొట్టు సెరుపుకో వదినా అని ఏ సేత్తో రాయను" అన్నాడు. ఏడుస్తున్నాడు.

ఏటేటా అబద్ధం ఏ చేత్తో రాశావు మరి, అన్నాను. అరవై దాటిన మనిషిని. ఇంకా ఏదో చెప్పబోతుంటే లేచి వచ్చేశాను. బయల్దేరేదాకా చిన్నాన్నతో మాట్లాడలేదు. బండి ఎక్కేటప్పుడు ఆ పంచె మా ఆయన చేతిలో పెట్టాడు. పెద్దలకి పెట్టిన బట్ట ఆ ఇంటివాళ్ళే కట్టుకోవాలి. ఆయన ఇంతవరకూ కట్టలేదు. నేను కట్టమనలేదు.

మార్చి 3

అమ్మ ఇవాళ ఎదురింటి పిల్ల సీమంతానికి పిలుపొస్తే వెళ్ళింది. గాజులు తొడిగినంతసేపూ పాట అమ్మే పాడిందట. సంతోషంగా వచ్చింది.

మార్చి 9

కమల సంబంధం ఖాయమైంది. ఇచ్ఛాపురం. కుర్రాడు బడిపంతులు, నెమ్మది. కమల తలుపు చాటు నుంచి చూసి, చెవులు పెద్దవి అంది. అంటే నచ్చాడనే.

మే నెల మొదట్లో ముహూర్తం. పెళ్ళికొడుకు తల్లి వెళ్తూ వెళ్తూ అమ్మ చేతులు పట్టుకుంది. పసుపు దంచేటప్పుడు ముందు రోకలి మీరే ఎత్తాలి, నల్లపూసలు మీరే గుచ్చాలి అంది. మా వీధిలో అందరూ చెప్పారట, మీ అమ్మగారి చెయ్యి మంచిదని. మొగుడు కంటికి కనపడకుండా పదిహేనేళ్ళు బొట్టు నిలుపుకున్న మనిషి, ఆ బొట్టు గట్టిదని.

అమ్మ "సూద్దారి" అంది, అంతే.

నాకు ఇవన్నీ నమ్మకం లేదని ఆయనతో ఎన్నిసార్లు వాదించానో. రోకలికి ఎవరి చెయ్యయితే ఏమిటి, నలిగేది పసుపు కొమ్మే కదా అని. కానీ కమల మెడ తలుచుకుంటే నా వాదన గొంతులోనే ఉండిపోతోంది. భయమేస్తోంది. అమ్మ చేతికి నేను భయపడుతున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

చెబితే అమ్మ బొట్టు పోతుంది. చెప్పకపోతే... ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మార్చి 14

బడా బజార్‌లో పట్టు కొట్టుకి వెళ్ళి, అక్కణ్ణించి పంతులుగారింటికి. మాకు తెలిసినవాళ్ళ సంగతి అని మొదలుపెట్టాను. తెలిసినవాళ్ళంటే ఎవరో ఆయనకి అర్థమయ్యే ఉంటుంది, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

దూరదేశంలో ఎప్పుడు పోయినా, పెళ్ళానికి మైల వినికిడితోనే మొదలట. విన్న రోజు నుంచి పది రోజులు. ఆ ఇంట్లో ఏడాదిదాకా శుభకార్యం చెయ్యరట. ఈ మాట వింటే ఇచ్ఛాపురం వాళ్ళు ఏడాది ఆగుతారా?

విననివాళ్ళకో? అన్నాను.

"తెలియనివాళ్ళకి దోషం లేదమ్మా. తెలిసి దాచినవాళ్ళ సంగతి నన్నడక్కండి" అన్నారు.

వచ్చేటప్పుడు ఎండ. ఒక కొట్టు ముందు నిలబడి మంచినీళ్ళు తాగాను. చేతిసంచి ఆ కొట్లోనే మర్చిపోయి, సగం దారి నుంచి వెనక్కి వెళ్ళాను.

మార్చి 15

ఆయన్ని అడిగాను. నీ ఇష్టం అన్నారు. మగవాళ్ళకి ఈ రెండు మాటలు ఎవరు నేర్పుతారో.

మార్చి 27

ఇవాళ చెప్పేద్దామనే అనుకున్నాను. కమల స్నేహితురాలింటికి వెళ్ళింది. అమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని, అమ్మా, చిన్నాన్న... అన్నాను.

"పొయ్యి మీద పాలున్నాయే" అని లేచిపోయింది.

పొయ్యి మీద పాలు లేవు. తరవాత చూశాను.

ఏప్రిల్ 8

పట్టుచీరలు తీసుకున్నాం. కమలకి ఎరుపు, నాకు ఆకుపచ్చ. అమ్మకి జరీ అంచు గోరింటాకు రంగుది ఒకటి తీయించాను. భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది. చాలా బాగుంది. కొట్టువాడితో ఒడియాలో నవ్వుతూ ఏదో అని తిరిగి ఇచ్చేసింది. నాకీ పాలి వొద్దులే, కమల సామాను కొను, అంది.

ఏప్రిల్ 20

పసుపు దంచారు.

రోలుకి తోరం కట్టి, రోకలికి పసుపు రాసి, వీధిలో ముత్తైదువలంతా వచ్చారు. పీట అమ్మదే. అందరూ అమ్మ కోసం చూస్తున్నారు. ఇప్పుడు అరవాలా, నోరు మూసుకోవాలా అని... కమల రోలు ముందు తల వంచుకుని కూర్చుంది.

అమ్మ వచ్చింది. రోకలి మీద చెయ్యి వెయ్యలేదు. భుజం పట్టేసిందంది. రాత్రి నుంచీ ఎత్తలేకపోతున్నానంది. పక్కింటి ఒడియా పెద్దావిడని, మేమంతా మావుసీ అని పిలిచే ఆవిడని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. మావుసీకి డెబ్భై ఏళ్ళు, ముసలాయన ఇంకా పొద్దున్నే నడిచి వస్తాడు. మావుసీ మురిసిపోయి ఎత్తింది. అమ్మ గోడ వారగా నిలబడి పాట అందించింది.

పొద్దున్న ఆ భుజంతోనే రెండు బిందెల నీళ్ళు మోసింది. నేను చూశాను.

ఏప్రిల్ 21

అమ్మకి తెలుసు.

భుజం ఎలా ఉందమ్మా అని నూనె గిన్నె తీసుకెళ్ళాను. తలుపు దగ్గరికి వెయ్యమంది.

"బుజానికేటి, బానే ఉన్నాది" అంది. తరవాత గొంతు తగ్గించింది. "ఆ పంచెకి సాంబ్రాణి వాసనేసింది. పెళ్ళిబట్టకి సాంబ్రాణి ఎవలేస్తారు?"

నోరు తెరిచాను. అమ్మ తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. చెయ్యంతా చింతపండు వాసన.

"సెప్పకు. నా సెవిని పడితే మైల. పిల్ల పెళ్ళి ఆగిపోద్ది. అది అత్తోరింటికి ఎల్లినాక సెబుదువు."

చెయ్యి తీశాక అడిగాను — వినకపోతే దోషం లేదుగా, మరి రోకలి ఎందుకు ఎత్తలేదని.

"ఇన్లేదు గదా అని పిల్ల తాళి మీద పందెం కాస్తానేటి?"

నూనె గిన్నె తీసుకుని వచ్చేశాను. రెండు నెలలుగా అమ్మకి తెలియకుండా నేను మోస్తున్నాననుకున్నాను. పంచె వాసన చూసిన రోజు నుంచీ ఆవిడే మోస్తోంది. ఏడవడానికి కూడా లేదు, ఏడిస్తే విన్నట్టు అవుతుంది. పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ, నాతో చుట్టల గురించి మాట్లాడి... ఆవిడ ముందు నేను ఎంత చిన్నదాన్ని.

ఏప్రిల్ 30

ఇల్లంతా చుట్టాలు. రాయడానికి చోటు లేదు. అమ్మ అందరితో నవ్వుతూ తిరుగుతోంది. ఎలాగో తెలియదు.

మే 4

నిన్న కమల పెళ్ళి అయిపోయింది.

నల్లపూసలు గుచ్చమంటే అమ్మ సూది కన్నం కనపడ్డం లేదంది. వియ్యపురాలు తనే గుచ్చింది. తలంబ్రాలప్పుడు అమ్మ వెనక వరసలో. ఎవరూ గమనించలేదు. తల్లో పువ్వులు మాత్రం మామూలుకంటే ఎక్కువే పెట్టుకుంది — రెండు మూరల మల్లెలు, కనకాంబరాలు. మొహం నిండా పసుపు. ఎంత అందంగా ఉందో అమ్మ. యాభై రెండేళ్ళ మనిషిలా లేదు. నేను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాను, ఇంక చూడనని తెలుసు కాబట్టి.

అప్పగింతలప్పుడు కమల నన్ను కాదు, అమ్మమ్మని పట్టుకుని ఏడ్చింది.

మే 8

కమల మొన్న అత్తవారింటికి వెళ్ళింది. చుట్టాలు నిన్నటితో ఖాళీ. ఇవాళ పొద్దున్న అమ్మ స్నానం చేసి, కుంకుమ పెట్టుకుని, వరండాలో నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు."

చెప్పాను. నడక, అడవి, వాంతులు, రెండు రోజులు. చిన్నాన్న చేతుల్లో. చిన్నాన్నే మట్టి చేశాడని, అందుకే వెనక్కి తిరిగాడని. ఉత్తరాల సంగతి కూడా. అమ్మ మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఒంటరిగా పోలేదన్నమాట."

లేదన్నాను.

"సిన్నోడు ఉన్నాడు. అదొక్కటీ బాగున్నాది."

కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు లేవు. ఇంతకాలం నేను భయపడిన క్షణం ఇదేనా, ఇంతేనా అనుకుంటున్నాను. అప్పుడు అడిగింది.

"ఏ తిథి?"

ఏమిటమ్మా, అన్నాను.

"తిథి ఏటే సత్తీ. ఏ నెల, ఏ పక్షం. సిన్నోడు సెప్పలేదా?"

అడగలేదు. నేను అడగలేదు. ఇరవై రోజులు ఆ ఇంట్లో ఉన్నాను. పొలం గట్టు మీద మనిషి నా ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే నా కోపం నేను చూసుకుని లేచొచ్చాను. బొట్టు ఉంచాలా, తియ్యాలా, చెప్పాలా, మానాలా — అన్నీ ఆలోచించాను. మా నాన్న ఏ రోజు పోయాడో అడగాలని నాకు తట్టలేదు.

అడగలేదమ్మా, అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పదిహేనేళ్ళు. ఒక్క ముద్ద పెట్టలేదు. బతికున్నాడని నాను బొట్టెట్టుకు కూకున్నాను... ఆయన ఆకలితో ఉన్నాడు."

చిన్నాన్న పెడుతూనే ఉంటాడమ్మా, పెళ్ళికి బట్ట కూడా పెట్టాడుగా అన్నాను.

"తమ్ముడు పెట్టింది తమ్ముడిది. నాను పెట్టాల."

మే 9

చిన్నాన్నకి ఉత్తరం వేశాను. క్షమించమని మొదట రాయాలా, తిథి మొదట అడగాలా అని మూడు కాగితాలు చింపాను. తిథే మొదట రాశాను. క్షమించమని చివర రాశాను.

నడుస్తున్నవాళ్ళు రోజులు లెక్కపెట్టుకున్నారో లేదో. ఆయనకైనా తెలుసో లేదో.

మే 12

పంతులుగారు వచ్చారు. ఇప్పుడు తెలిసినవాళ్ళ సంగతి అనక్కర్లేకపోయింది. తిథి తెలియకపోతే అమావాస్య నాడు పెట్టుకోవచ్చమ్మా, శాస్త్రం ఒప్పుకుంటుంది అన్నారు.

అమ్మ తలుపు వెనక నుంచే చెప్పింది. "అమావాస్య దిక్కులేనోళ్ళకి. ఆయనకి నానున్నాను."

మే 17

పదో రోజు. ఐదుగురు చుట్టూ చేరి ఏడవక్కర్లేదంది. పెరట్లోకి ఒక్కతే వెళ్ళింది. వచ్చింది. చేతులు బోసిగా ఉన్నాయి. నుదురు తెల్లగా, చిన్నపిల్ల నుదురులా. ఇన్నాళ్ళూ నేను భయపడ్డది బియ్యం కడిగినంతసేపు కూడా పట్టలేదు.

ఎవరో తెలియని మనిషి ఎదురుపడ్డట్టు నేనే చూపు తిప్పుకున్నాను. అమ్మ గమనించి, సూడొచ్చు, నానే, అంది.

మే 25

కమల ఉత్తరం. బాగుంది. చెవుల మనిషి మంచివాడట. అమ్మమ్మ ఎందుకు ఉత్తరం చివర ఏమీ చెప్పించడం లేదని అడిగింది. దానికి ఇంకా రాయలేదు. ఎలా రాయాలి? చిన్నాన్న బాధ ఇప్పుడు తెలుస్తోంది.

జూన్ 7

ఉత్తరం వేసి నాలుగు వారాలు దాటింది. జవాబు లేదు. పోస్టుమాన్ సైకిలు గంట వినిపిస్తే ఇద్దరం తలెత్తుతాం. ఇవాళ ఎదురింటి దగ్గరే ఆగాడు.

అమ్మ రోజూ మేం తినకముందే మొదటి ముద్ద విస్తరాకులో తీసి పెరటి గోడ మీద పెడుతోంది. పప్పు, కూర, అన్నీ. మైల రోజుల కోసం అనుకున్నాను. ఆ పది రోజులూ అయిపోయాయి, మానలేదు. గోడ అవతల నుంచి మావుసీ ఎవరికని అడిగింది. మా ఆయనకి, అని ఒడియాలో చెప్పింది అమ్మ, నాన్న పని నుంచి భోజనానికి వచ్చినట్టు.

ఇవాళ ఉండబట్టలేక అన్నాను. రోజూ పెట్టక్కర్లేదమ్మా, ఏడాదికి ఒక్క రోజే కదా, అని.

"ఏ రోజు?" అంది.

గోడ మీది ఆకు వైపు చూశాను.

"తెల్దు గదా. అయితే ఈయేళేనేమో" అంది. నెయ్యి వెయ్యడం మర్చిపోయానని గిన్నె కోసం లోపలికి వెళ్ళింది.